మా బొమ్మ ట్యాంకుకు మురికి ఎందుకు?



ట్యాంకు అంటే మనకు హాస్టలు డాబా మీది నీళ్ల ట్యాంకే. యుద్ధ ట్యాంకుకు ఆ పేరు వచ్చింది కూడా అక్కడినుంచే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండు వాళ్లు ఆ బండిని రహస్యంగా తయారు చేస్తూ, బయటికి మాత్రం నీళ్ల ట్యాంకులు అని చెప్పారు. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులో అవి మొదటిసారి యుద్ధంలోకి దిగాయి. ఆ పేరు అట్లనే ఉండిపోయింది.

సైన్సు ప్రదర్శనకు మా తరగతి చేసిన బొమ్మ పేరు సారథ్. అసలు బండిని మన తెలంగాణలోనే, సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో 1984లో పెట్టిన ఫ్యాక్టరీలో చేస్తారు. అచ్చంగా ట్యాంకు కాదు, సైనికులను మోసే బండి. నడిపేవాళ్లు ముగ్గురు, వెనక కూర్చునేవాళ్లు ఏడుగురు. నీళ్ల మీద కూడా పోతది.

చాలామంది మా బొమ్మను చూసి "కొత్తదాన్ని మురికి చేశారు, మళ్లీ మెరిసే రంగు వేయండి" అంటున్నారు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

మొదట కొలత. అసలు బండి పొడుగు సుమారు 6.7 మీటర్లు. మేము పదో వంతు చేశాం కాబట్టి మాది 67 సెంటీమీటర్లు. మరకలకు కూడా ఇదే లెక్క. జానెడు బురద మరక బొమ్మ మీద రెండు సెంటీమీటర్లే ఉండాలి. పెద్దగా పెడితే అంత పెద్ద బండీ ఆటబొమ్మ అయిపోద్ది. బోల్టులకు ఆవాలు అంటించాం.

రెండోది నీడ. ఆకుపచ్చ పోస్టరు రంగులో కొంచెం ఎరుపు కలిపితే మిలిటరీ రంగు వస్తది. అందులో ఫెవికాల్ కలిపి పూసి ఒక రాత్రి ఆరనిచ్చాం. ఫెవికాల్ లేకపోతే మీద తడి తగలగానే కింది రంగు లేచి వస్తది. తర్వాత గోధుమ రంగును నీళ్లలాగా పలచగా చేసి సందుల్లో పోసి, పైపైన గుడ్డతో తుడిచాం. సందుల్లో మిగిలిందే నీడ. అంచులకు మాత్రం బ్రష్షును పాత గుడ్డకు తుడిచి, పొడిగా అయినాక లేత రంగుతో ఒక్కసారి రాశాం.

మూడోది అరుగుదల. సైనికులు ఎక్కి దిగే వెనక తలుపుల దగ్గర బూట్లు రాసుకుంటాయి. రంగు అక్కడ పోవాలి గానీ అంతటా కాదు. చిన్న స్పాంజి ముక్కతో అక్కడే అద్దాం.

నాలుగోది చక్రాల మీది ఇనప పట్టీ. అందరూ దానికి తుప్పు రంగు వేద్దామన్నారు. మా అయ్య బడికి పోలేదు గానీ నాగలి గురించి ఆయనకు తెలియనిది లేదు. దున్నేటప్పుడు కర్రు అద్దంలాగా మెరుస్తది, మూలకు పెడితేనే తుప్పు పడతది అంటాడు. నడిచే బండి పట్టీ కూడా అంతే. నేలకు రాసుకునే చోట పెన్సిలు ముల్లు పొడి రుద్దాం, మెరుపు వచ్చింది. రాసుకోని సందుల్లో ఇటుక పొడి పెట్టాం.

ఐదోది మసి. ఇంజను ముందు కుడిపక్క ఉంటది. పొగ వచ్చేది అక్కడే కాబట్టి వంటింటి మసి అక్కడొక్కచోటే పూశాం.

చివరిది బురద. మన అడవి దారిలో ఎర్రమన్ను, గోదావరి ఒడ్డున బూడిదరంగు ఒండ్రు. రెండూ కలిపితే ఈ బండి ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు. మాది గోదావరి దాటి వచ్చిన బండి. అందుకే ఒండ్రునే గుడ్డలో జల్లించి, ఫెవికాల్ నీళ్లలో కలిపి కింది భాగానికి పూశాం. పాత టూత్ బ్రష్షుతో చక్రాల వెనకవైపు చిమ్మాం. పొలంలోంచి వచ్చిన ట్రాక్టరును చూడండి, బురద ఎట్ల ఎగిరిందో తెలుస్తది.

మాలో ఎవరమూ సారథ్‌ను దగ్గరగా చూడలేదు. పుస్తకంలో ఫోటో, టీవీలో జనవరి 26 పెరేడు చూశాం. మిగతాదంతా నాగలి, ట్రాక్టరు, పొయ్యి, ఏటి ఒడ్డు నేర్పినవే.

కాబట్టి ప్రదర్శనకు ముందు దీనికి మళ్లీ రంగు వేయించవద్దని వార్డెన్ మేడం గారిని కోరుతున్నాం. ఏ మచ్చ మీదైనా వేలు పెట్టి అడగండి, ఎందుకుందో చెబుతాం. చెప్పలేకపోతే ఆ మచ్చను మేమే తుడిచేస్తాం.

— 9వ తరగతి విద్యార్థిని