తీగ ఖరీదు పెరిగితే బొమ్మ మెరుగవుతుందా?
హోం థియేటర్‌కు డిజిటల్ కేబుళ్ల ఎంపికలో చూడవలసింది వేగం, పొడవు

ఆదోని: మార్కెట్ యార్డులో పత్తి అమ్మిన సొమ్ము చేతికందాకనో, ఇంట్లో పెళ్లి వేళకో పెద్ద టీవీ, దానికి తోడు హోం థియేటర్ కొనడం పశ్చిమ ప్రాంత పల్లెలకూ కొత్త కాదు. అన్నీ బేరమాడి కొన్నవారు చివరకు తీగ దగ్గర తడబడుతుంటారు. బంగారు పూత, మందపాటి అల్లిక ఉన్న కేబుల్ చూపి 'దీనితో బొమ్మ ఇంకా స్పష్టంగా వస్తుంది' అంటే నమ్మి వేలు చెల్లిస్తారు. డిజిటల్ తీగల విషయంలో ఆ మాటకు ఆధారం లేదు.

పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల పాత తీగల్లో విద్యుత్ తరంగం ఎంత చెడితే బొమ్మ అంత చెడేది. రంగులు వెలిసేవి, గీతలు పడేవి. 2002లో తొలి ప్రమాణం వెలువడిన హెచ్‌డీఎంఐలో బొమ్మ, శబ్దం రెండూ ఒకట్లు, సున్నాలుగా ప్రయాణిస్తాయి. అవి సరిగా చేరితే వందల్లో దొరికే తీగకైనా, వేలు పలికే తీగకైనా తెరపై బొమ్మ ఒక్కటే. చేరకపోతే తెరపై చుక్కలు మెరుస్తాయి, బొమ్మ వచ్చి పోతుంటుంది, లేదా అసలే రాదు. రంగు కాస్త తగ్గడం, కొద్దిగా మసకబారడం తీగ వల్ల జరగవు. బంగారు పూత పిన్నుకు తుప్పు పట్టకుండా కాపాడుతుంది, అంతవరకే దాని పని.

మరి దేనిని చూడాలి? సెకనుకు ఎన్ని గిగాబిట్లు మోయగలదో చూడాలి. 4కే చిత్రాలకు 18 గిగాబిట్ల 'ప్రీమియం హైస్పీడ్' రకం చాలు. సెకనుకు 120 ఫ్రేముల 4కే ఆటలు ఆడే గేమింగ్ యంత్రం ఉంటేనే 48 గిగాబిట్ల 'అల్ట్రా హైస్పీడ్' అవసరం. '2.1 కేబుల్' అని అమ్మినా, ఆ అంకె పరికరాల ప్రమాణానిదే తప్ప తీగ రకం కాదు. ఈ రెండు రకాలకూ పెట్టెపై ధ్రువీకరణ చీటీ ఉంటుంది. దానిని ఫోన్‌తో స్కాన్ చేసి సరిచూసుకోవచ్చు. తీగ తెచ్చాక పని చేయకపోతే మార్చుకోవడానికి కర్నూలు దాకా సుమారు వంద కిలోమీటర్లు వెళ్లడం కంటే, ఈ చూపు అంగడిలోనే చూడటం మేలు.

శబ్దానికి వేరే తీగ అన్ని ఇళ్లలో అక్కరలేదు. 2009 నాటి ప్రమాణంతో వచ్చిన ఏఆర్‌సీ సదుపాయం టీవీకి, సౌండ్ సిస్టమ్‌కు రెండింటికీ ఉంటే, ఆ పేరు రాసిన రంధ్రాల మధ్య ఒక్క హెచ్‌డీఎంఐ సరిపోతుంది. పాత యాంప్లిఫయర్ అయితే ఆప్టికల్ తీగ వాడాలి. 1983లో తోషిబా రూపొందించిన ఈ తీగలో వెలుగే ప్రయాణిస్తుంది. డాల్బీ డిజిటల్, డీటీఎస్ 5.1 శబ్దాలను మోస్తుంది కానీ అట్మాస్‌ను మోయలేదు. దీనికి మరో సుగుణం ఉంది. టీవీ, యాంప్లిఫయర్‌ల ఎర్తింగ్ తేడాతో స్పీకర్లలో 'గుంయ్' మనే మోత వస్తుంటే, విద్యుత్ ప్రసరించని ఈ తీగ వేస్తే ఆ దారి తెగిపోతుంది. కోయాక్సియల్ రంధ్రమున్న పరికరాలకైతే కొత్తది కొననక్కరలేదు. అటకపై పడి ఉన్న పాత వీడియో తీగల్లోని పసుపు పిన్నుల తీగ 75 ఓమ్‌లదే కనుక చాలావరకు పని చేస్తుంది.

ఎక్కువ నష్టం జరిగేది గోడలో పూడ్చిన తీగతో. ఎమ్మిగనూరులో కొత్త ఇల్లు కట్టేవారు గానీ, మంత్రాలయంలో యాత్రికుల వసతి గదులకు టీవీలు బిగించేవారు గానీ తీగను నేరుగా గాడిలో పెట్టి సిమెంటు పూస్తే, చెడినప్పుడు గోడ పగలగొట్టడమే మిగులుతుంది. 18 గిగాబిట్ల రాగి తీగ ఐదు మీటర్ల వరకు నమ్మకంగా పని చేస్తుంది. అంతకు మించితే లోపల గాజుపోగులు ఉండే యాక్టివ్ ఆప్టికల్ హెచ్‌డీఎంఐ తీసుకోవాలి. అది ఒకే దిశలో పని చేస్తుంది. 'డిస్‌ప్లే' అని రాసిన కొస టీవీ వైపే ఉండాలి. హెచ్‌డీఎంఐ పిన్ను వెడల్పు కనుక ఒకటిన్నర అంగుళాల పైపు వేయాలి. మూలల్లో ఎల్బోకు బదులు పొడవాటి బెండు వాడాలి, కరెంటు తీగల పైపును దూరంగా ఉంచాలి. పూతపని మొదలయ్యేలోపే తీగను రెండు వైపులా తగిలించి బొమ్మ, శబ్దం చూసుకుని, పైపులో ఒక నైలాన్ తాడు కూడా వదిలితే తర్వాత తీగ మార్చడానికి మేస్త్రీతో పని ఉండదు.