యంత్రం దిగకముందే తేలాల్సిన లెక్క: తవ్వకుండా నేలను చదవడం ఎలా?

శంషాబాద్ విమానాశ్రయం విస్తీర్ణం 5,495 ఎకరాలు. అంటే 22 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. ఇంత నేల కింద పాత గోడలో సమాధులో ఉన్నాయేమో గడ్డపార వేయకుండా వెతకాలనుకుందాం. భూమిలోకి తరంగాలు పంపే రాడార్ బండిని అర మీటరు ఎడంతో వరసలు వరసలుగా తోసుకుంటూ పోవడం పురావస్తు సర్వేల్లో మామూలు పద్ధతి. ఆ లెక్కన ఎకరానికి 8 కిలోమీటర్ల నడక. మొత్తానికి 44,000 కిలోమీటర్లు దాటుతుంది. భూమధ్యరేఖ పొడవే 40,075 కిలోమీటర్లు!

అందుకే ఈ సర్వేల్లో యంత్రం కొనడం కన్నా, దాన్ని ఎక్కడికి తీసుకెళ్లనక్కర్లేదో ముందే తేల్చుకోవడం పెద్ద పని. పైనుంచి మొదలుపెట్టి, మెట్టు మెట్టుకూ విస్తీర్ణం తగ్గించుకుంటూ రావాలి.

ఎందుకు తవ్వకూడదు?

తవ్వకం ఒక్కసారే జరిగే పని. మట్టి పొరలు విప్పాక మళ్లీ పేర్చలేం. తప్పనిసరై తవ్వాల్సి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. నాగార్జునసాగర్ నీళ్లు ముంచెత్తుతాయని తెలిసి 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయను పురావస్తు శాఖ హడావుడిగా తవ్వింది. వందకు పైగా చోట్ల ఆనవాళ్లు బయటపడ్డాయి. అప్పట్లో వేరే దారి లేదు. ఇప్పుడు ఉంది.

హైదరాబాద్ చుట్టుపక్కల వెతకడానికి సరుకు తక్కువేం కాదు. మౌలాలి, హష్మత్‌పేటల్లో ఇనుప యుగపు సమాధులు ఉన్నట్టు ఎప్పుడో తేలింది. ఈ రాతి సమాధుల మీద ఇ.హెచ్. హంట్ 1924లోనే పరిశోధన వ్యాసం ప్రచురించారు. గచ్చిబౌలిలోని కేంద్రీయ విశ్వవిద్యాలయం ఆవరణలోనూ ఆ కాలపు ఆనవాళ్లు దొరికాయి. ఊళ్లలో వీటిని రాకాసి గుళ్లు అంటారు: చుట్టూ గుండ్ల వలయం, మధ్యలో బండలతో కట్టిన పెట్టె, పైన మూతబండ. వలయం అడ్డంగా సాధారణంగా 5 నుంచి 15 మీటర్లు ఉంటుంది. పాత ఊరు శిథిలమై మిగిలిన పాటిగడ్డలు మరో రకం.

మొదటి మెట్టు: ఉపగ్రహ చిత్రం

10 మీటర్ల రాతి వలయం ఉపగ్రహానికి కనిపిస్తుందా? ఒక్కో చుక్క ఎంత నేలను చూపుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. 30 మీటర్ల చుక్కలుండే ల్యాండ్‌శాట్ చిత్రంలో మన వలయం చుక్కలో మూడో వంతు, కనపడదు. 2.5 మీటర్ల కార్టోశాట్-1లో నాలుగు చుక్కలు, అనుమానం కలుగుతుంది. 2019 నవంబర్ 27న ఇస్రో పంపిన కార్టోశాట్-3 నలుపు తెలుపు చిత్రంలో ఒక్కో చుక్క 25 సెంటీమీటర్లు. అందులో వలయం అడ్డంగా 40 చుక్కలు. మీటరు గుండు కూడా నాలుగు చుక్కల మేర తెలుస్తుంది. దేశం కోసం ఈ చిత్రాలను అందుకునే జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం భూకేంద్రం ఎక్కడో లేదు, శంషాబాద్ దాటి బెంగళూరు హైవే మీద వెళ్తే వచ్చే షాద్‌నగర్‌లోనే ఉంది.

కొత్త చిత్రాలకన్నా పాతవి ఒక్కోసారి ఎక్కువ పనికొస్తాయి. 1960–72 మధ్య అమెరికా కరోనా గూఢచారి ఉపగ్రహాలు తీసిన 8,60,000కు పైగా ఫొటోలను 1995లో రహస్య జాబితా నుంచి తప్పించారు. వాటిలో మేలైనవి 1.8 మీటర్ల వివరం దాకా చూపుతాయి. విమానాశ్రయం 2008 మార్చిలో తెరుచుకుంది. రన్‌వే కోసం చదును చేసిన నేల మీద ఇక ఏ రాడారూ పాత పొరలను తిరిగి తేలేదు. అలాంటి చోట మిగిలిన సర్వే పాత ఫొటోలు, సర్వే ఆఫ్ ఇండియా పాత పటాలు చూడటమే.

రెండో మెట్టు: డ్రోన్, దాని హద్దులు

60 మీటర్ల ఎత్తున ఎగిరే మామూలు 20 మెగాపిక్సెల్ డ్రోన్ కెమెరా నేల మీద సుమారు 1.6 సెంటీమీటర్ల వివరం పట్టగలదు. లేజర్ పరికరం బిగిస్తే తుప్పల సందుల్లోంచి నేల ఎత్తుపల్లాలూ దొరుకుతాయి. గ్వాటెమాల అడవుల్లో 2,100 చదరపు కిలోమీటర్ల మీద విమానం నుంచి లేజర్ సర్వే చేస్తే 60,000కు పైగా మాయా నాగరికత నిర్మాణాల జాడ తెలిసిందని 2018లో ప్రకటించారు.

శంషాబాద్‌లో అంత సులువు కాదు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 కిలోమీటర్ల లోపు అనుమతి లేనిదే డ్రోన్ లేపకూడదు. 8–12 కిలోమీటర్ల మధ్య 60 మీటర్ల ఎత్తు వరకు, ఆ బయట వేరే ఆంక్షలేవీ లేకపోతే 120 మీటర్ల వరకు వెసులుబాటు ఉంది. విమానాశ్రయాన్ని ఒక వృత్తం అనుకుని లెక్కేస్తే 8 కిలోమీటర్ల హద్దులోకి వచ్చే నేల దాదాపు 350 చదరపు కిలోమీటర్లు. కాబట్టి సర్వే ప్రణాళికలో మొదట రాయాల్సిన కాగితం అనుమతి దరఖాస్తే. నర్కూడలోని అమ్మపల్లి సీతారామచంద్రస్వామి గుడి, దాని కోనేరు లాంటి కట్టడాలను కొలవాలంటే నేల మీద నిలబెట్టే లేజర్ స్కానర్ మేలు. దానికి గగనతలంతో పేచీ లేదు.

మూడో మెట్టు: కాలినడక

చిత్రాలు 22 చదరపు కిలోమీటర్లను నూటికి 5 వంతులకు కుదించాయనుకుందాం. మిగిలేది 1.1 చదరపు కిలోమీటర్లు, అంటే 270 ఎకరాలు. మనిషికీ మనిషికీ 10 మీటర్ల ఎడంతో నడిస్తే 110 కిలోమీటర్లు. ఆరుగురు రోజుకు పదేసి కిలోమీటర్లు నడిస్తే రెండు రోజుల పని. తొలకరి దుక్కులయ్యాక ఒక వాన పడితే ఇంకా మంచిది. మట్టి కొట్టుకుపోయి కుండపెంకులు తేలతాయి. లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న పెంకు దొరికితే ఆగాల్సిందే. ఇనుప యుగపు సమాధుల్లో ఎక్కువగా కనిపించేది అదే. ఊళ్లో పెద్దవాళ్లను అడిగితే సగం పని అవుతుంది. పాటిమన్ను ఏ గడ్డ నుంచి చేలకు తోలారో వాళ్లకే తెలుసు.

నాలుగో మెట్టు: రాడార్, అయస్కాంతం

నడక తర్వాత 10 ఎకరాలు మిగిలితే రాడార్ నడక 81 కిలోమీటర్లు. అంటే వారం పది రోజులు. ఇక్కడే అసలు లెక్క మొదలవుతుంది.

రాడార్ తరంగం గాలిలో నానోసెకనుకు 30 సెంటీమీటర్లు వెళ్తుంది. పొడి నేలలో 10–15, తడి బంకమట్టిలో 6 సెంటీమీటర్లే. ప్రతిధ్వని 30 నానోసెకన్లకు తిరిగొచ్చిందనుకోండి. వేగం 10 అయితే రానూపోనూ 300 సెంటీమీటర్లు, కాబట్టి వస్తువు 150 సెంటీమీటర్ల లోతున ఉంది. నేల తడిగా ఉండి వేగం 6 అయితే అదే ప్రతిధ్వని 90 సెంటీమీటర్ల లోతుదన్నమాట. వేగం తప్పుగా పట్టుకుంటే లోతులో 60 సెంటీమీటర్ల తేడా. చెల్క, దుబ్బ నేలల్లో ఎండాకాలం రాడార్ బాగా పనిచేస్తుంది. నల్లరేగడిలో తరంగం కొద్ది లోతుకే చచ్చిపోతుంది.

తెర మీద బొమ్మ కూడా ఉన్నదున్నట్టు రాదు. బండి ఒక బండరాయి దగ్గరికి వస్తుంటే ప్రతిధ్వని ఆలస్యంగా, సరిగ్గా పైన ఉన్నప్పుడు త్వరగా, దాటిపోతుంటే మళ్లీ ఆలస్యంగా అందుతుంది. దాంతో రాయి ఒక చుక్కలా కాక, బోర్లించిన విల్లులా కనిపిస్తుంది. సమాధి మూతబండ అయితే విల్లు పైభాగం బల్లపరుపుగా సాగుతుంది. చిక్కేమిటంటే, శంషాబాద్ నేలంతా గ్రానైట్. సహజంగా పూడిన గుండు కూడా అలాంటి విల్లే గీస్తుంది. ఒక్క గీత చూసి తీర్పు చెప్పకూడదు. పక్కపక్క గీతలన్నీ కలిపి, ఒకే లోతులో అడ్డంగా కోసినట్టు పటం తీయాలి. అందులో గుండ్లు గుండ్రంగా పేర్చినట్టు వస్తేనే మనిషి పని అని అనుమానించాలి.

అయస్కాంత సర్వేకి ఇంకా ఓపిక కావాలి. హైదరాబాద్ దగ్గర భూ అయస్కాంత క్షేత్రం సుమారు 43,000 నానోటెస్లాలు. పూడిన గుంట తెచ్చే తేడా ఒక్కోసారి 5 నానోటెస్లాలే, అంటే 8,600 వంతుల్లో ఒక వంతు. ఇనుప కంచె, ట్రాన్స్‌ఫార్మర్, ఔటర్ రింగ్ రోడ్డు మీద వాహనాల రద్దీ దాన్ని ఇట్టే మింగేస్తాయి. సహజంగానే అయస్కాంత గుణమున్న డోలరైట్ రాతి చాళ్లు ఈ ప్రాంతంలో ఎక్కువ. విమానాశ్రయం పక్కన అయస్కాంతం కన్నా రాడార్ నమ్మదగినది.

తేలిందేమిటి, తేలనిదేమిటి?

దగ్గరి ఉదాహరణ గోల్కొండ. కోటలోని నయా ఖిల్లా తోటలో పురావస్తు శాఖ 2014లో తవ్వితే నీటి కాలువలు, నీటిని తేటపరిచే తొట్లు, నడకదారులు బయటపడ్డాయి. తోట ఎంతవరకు విస్తరించిందో తెలుసుకోవడానికి తవ్వకం కొనసాగించకుండా ఐఐటీ పరిశోధకుల రాడార్ సాయం కోరారు. ఇటలీలోని ఫాలెరీ నోవీలో 30.5 హెక్టార్ల రోమన్ పట్టణం పటాన్ని 2020లో కేంబ్రిడ్జ్, గెంట్ విశ్వవిద్యాలయాలు రాడార్‌తోనే గీసి చూపాయి. గడ్డి కూడా పెకలించలేదు.

రెండో వైపు 2013 నాటి ఉత్తరప్రదేశ్ డౌండియా ఖేడా. 1,000 టన్నుల బంగారం ఉందని ఒక సాధువు చెప్పారు. భూమి లోపల ఏదో తేడా ఉందని భూవిజ్ఞాన సర్వే పరికరాలు చూపాయి. తవ్వితే గోడలు, కుండపెంకులు వచ్చాయి గానీ బంగారం రాలేదు. పరికరం అబద్ధం చెప్పలేదు. ఎక్కడో ఏదో ఉందని మాత్రమే చెప్పింది. అదేమిటో చెప్పడం దానికి చేతకాదు.

ముందున్న లెక్క

విమానాశ్రయానికి ఆగ్నేయాన ఫ్యూచర్ సిటీ కోసం 2025లో ఏర్పాటైన ప్రాధికార సంస్థ పరిధి 7 మండలాలు, 56 గ్రామాలు, 765 చదరపు కిలోమీటర్లు. దీన్నంతా అర మీటరు గీతలతో రాడార్ చేయాలంటే 15 లక్షల కిలోమీటర్లు, అంటే చందమామ దూరానికి నాలుగింతలు. ఎవరి వల్లా కాదు. ఉపగ్రహ చిత్రాలు, పాత పటాలు చదివే మొదటి మెట్టుకు మాత్రం ఒక గది, నలుగురు చదివినవాళ్లు చాలు.

10 మీటర్ల రాతి వలయం ఆక్రమించే నేల 94 చదరపు గజాలు. దాని చుట్టూ కొంత ఖాళీ వదిలినా 200 గజాల ప్లాటంత జాగా చాలు. లేఅవుట్ గీయకముందే అది ఎక్కడుందో తెలిస్తే, ఎలాగూ పార్కుకు వదలాల్సిన జాగాను అక్కడికి జరిపితే సరిపోతుంది. ప్లాట్లు అమ్ముడయ్యాక తెలిస్తే అదే వలయం కోర్టు కేసు అవుతుంది, లేదంటే రాత్రికి రాత్రే జేసీబీ కింద పోతుంది. సర్వే ఎప్పుడు చేయాలన్న ప్రశ్నకు ఇంతకన్నా సూటి జవాబు లేదు: భూమి పటం గీసే రోజుకు ముందు.