కల్తీకల్లు మెదడునకు చేయు పని

తెల్లవారుజామున చెట్టునుండి దింపిన నీరా తియ్యగా నుండును. లొట్టిలో చేరిన ఈస్టు దాని చక్కెరను మద్యసారముగా మార్చుటచే అది కొన్ని గంటలలో కల్లగును. అట్టి కల్లులో మద్యసారము సాధారణముగా నూటికి 4, 5 పాళ్లు మాత్రమే. అయితే తెలంగాణ దుకాణములలో అమ్ముడుపోవు కల్లంతయు చెట్టునుండి వచ్చినది కాదు. చెట్లు తక్కువ, గిరాకి యెక్కువ. నీళ్లు కలిపిన కల్లులో మత్తు చాలదు గనుక కొందరు వర్తకులు క్లోరల్ హైడ్రేటును, డయాజిపామును, ఆల్ప్రజోలామును కలుపుచున్నారు.

ఇందు డయాజిపాము, ఆల్ప్రజోలాము వైద్యుని చేతిలో మంచి మందులే. ఆందోళనతో బాధపడువానికి వైద్యుడు ఆల్ప్రజోలామును పావు, అర మిల్లీగ్రాముతో మొదలుపెట్టును. దుకాణదారుడు కంటి అంచనాతో పొడి కలుపును. ఏ సీసాలో ఎంత యున్నదో అమ్మువానికే తెలియదు.

మన మడులకు తూములున్నట్లే మెదడులోని నరకణములకును సూక్ష్మద్వారములు గలవు. 'గాబా' యను సహజద్రవ్యము తగిలినప్పుడు ఆ ద్వారము తెరచుకొని, క్లోరైడు లోనికి ప్రవేశించి, నరకణము శాంతించును. పై రెండు మందులును గాబాకు తోడ్పడి ద్వారము మాటిమాటికి తెరచుకొనునట్లు చేయును. అందుచే భయము తగ్గును, నిద్ర వచ్చును, నడక తడబడును. జ్ఞాపకమును నిలుపు భాగము కూడ మందగించుటచే రాత్రి ఆడిన మాట ఉదయము జ్ఞప్తికి రాదు. మద్యసారమును, క్లోరల్ హైడ్రేటును ఈ ద్వారముల మీదనే పనిచేయును. అన్నియు కలిసినప్పుడు ఊపిరియే మందగించి ప్రాణము పోవచ్చును.

కాని మెదడు ఊరకుండదు. ప్రతిదినము ఈ అదనపు శాంతి వచ్చుచుండగా అది తన ద్వారముల చురుకును తగ్గించుకొని, ఉద్రేకము పుట్టించు నరములను బలపరచుకొనును. అందుచేతనే నిన్న చాలిన సీసా నేడు చాలదు. ఆ స్థితిలో మందు హఠాత్తుగా ఆగెనా, చేతులు వణకును, నిద్ర పట్టదు, లేనివి కనబడును, మూర్ఛ వచ్చును. ఆల్ప్రజోలాము శరీరమునుండి త్వరగా తొలగును గనుక ఒకటి రెండు దినములలోనే ఇది మొదలుకావచ్చును.

2015 సెప్టెంబరులో ప్రభుత్వము కల్తీకల్లుపై దాడులు జరిపినప్పుడు నిజామాబాదు, మహబూబ్‌నగరు జిల్లాలలో జరిగినది ఇదియే. కల్లు దొరకక, పిచ్చివారివలె ప్రవర్తించుచు ఎందరో కూలివారు ఆసుపత్రులకు చేరిరి. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీకల్లు త్రాగుటవలననే పలువురు మరణించిరి. త్రాగినను అపాయమే, ఒక్కసారిగా మానినను అపాయమే. దాడులు చేయవలదని మే మనము. దాడికి ముందే ఆసుపత్రిలో పడకలును మందులును సిద్ధపరుపవలెనని మా అభిప్రాయము.

ఇంటివారు దీనిని దయ్యమనియో పొగరనియో తలంచి భూతవైద్యుని పిలుచుట, గదిలో బంధించుట కూడదు. మాన్పించుటకు ముందే ప్రభుత్వాసుపత్రికి తోడ్కొనిపోయి, దినమున కెన్ని సీసాలు, ఎన్నేండ్లుగా, చివరిసారి ఎప్పుడు త్రాగెనో దాచక చెప్పవలెను. ఇది చెప్పుటకు సిగ్గుపడువారే యెక్కువ. వైద్యునకు కావలసినదియు అదే. డయాజిపామువలె శరీరమున ఎక్కువకాలము నిలుచు మందును కొలిచి యిచ్చి, వారముల తరబడి కొంచెము కొంచెముగా వైద్యులు తగ్గింతురు. వ్యసనవిముక్తికై 14446 అను ఉచిత ఫోను సంఖ్య గలదు.

గీత కార్మిక సహకార సంఘముల సోదరులకు ఒక మాట. మోకు కట్టి చెట్టెక్కువాడు ప్రాణమునకు తెగించి కల్లు దింపును. పొడి కలుపువాడు నేలమీద కూర్చుండి అతని పేరు చెరచును. సభ్యుల చెట్లెన్ని, దినమునకు దిగుబడి యెంత, దుకాణమున అమ్మకమెంత అను మూడు లెక్కలను సర్వసభ్య సమావేశమున బిగ్గరగా చదివింపుడు. ఎంత కల్లు చెట్టునుండి రాలేదో అప్పుడే తేలును.