ప్లాస్మా కట్టరు: వాడు విధము, లోపముల సవరణ

సార్వా దమ్ములు ముమ్మరముగా సాగుచున్న వేళ దమ్ము చక్రపు పట్టీ విరిగినచో ట్రాక్టరు గట్టుననే నిలిచిపోవును. కొల్లేటి చుట్టుప్రక్కల చేపల చెరువులలో తెల్లవారుజామున ఏరియేటరు ఆగినచో నీటిలో ప్రాణవాయువు తగ్గి చేపలు పైకి తేలును. విరిగిన ఇనుమును ఏలూరుకో, తాడేపల్లిగూడెమునకో మోసుకొనిపోవు లోపల జరుగవలసిన నష్టము జరిగిపోవును. అందుచేత చేతితో మోసుకొనిపోగల ప్లాస్మా కట్టరును కొందరు రైతులు తమ షెడ్డులలో ఉంచుకొనుచున్నారు. దీనిని తెలిసి వాడినచో మేలు; తెలియక వాడినచో ప్రాణాపాయము.

పనిచేయు విధము

కంప్రెసరు నుండి వచ్చు గాలి, టార్చి కొననున్న సన్నని రంధ్రము గుండా పోవునపుడు విద్యుదార్కు తగిలి, తానే విద్యుత్తును ప్రవహింపజేయు స్థితికి వచ్చును. దీనినే ప్లాస్మా అందురు. దీని వేడిమి సుమారు 20,000 డిగ్రీల సెంటిగ్రేడు వరకు ఉండును. లోహము కరుగును, గాలి దానిని క్రిందికి ఊదివేయును. గ్యాసు కటింగులో ఇనుము ఆక్సిజనులో మండి తెగును. కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియము దానికి లొంగవు. ప్లాస్మాకు విద్యుత్తు ప్రవహించు ఏ లోహమైనను లొంగును. ఏరియేటరు స్టెయిన్‌లెస్ చట్రములు కోయుటకు ఇది అనువైనది. 40 ఆంపియర్ల యంత్రముతో 10 మిల్లీమీటర్ల మందము గల ఇనుప రేకును శుభ్రముగా కోయవచ్చును.

కరెంటు, గాలి

40 ఆంపియర్ల యంత్రము పూర్తి బలముతో పనిచేయునపుడు 230 వోల్టుల లైను నుండి సుమారు 25 ఆంపియర్లు తీసికొనును. ఇంటిలోని 16 ఆంపియర్ల ప్లగ్గు ఇందుకు చాలదు. ప్రత్యేక లైను, ఎర్తు తప్పనిసరి. పొడవైన తీగ వాడవలసివచ్చినచో లావు రాగి తీగ వాడి, చుట్ట పూర్తిగా విప్పవలెను.

గాలి పీడనము యంత్రముపై వ్రాసినంత ఉండవలెను. సాధారణముగా ఇది చదరపు సెంటీమీటరుకు 4 నుండి 5 కిలోలు. మన ప్రాంతపు గాలిలో తేమ మెండు. కంప్రెసరు ట్యాంకు అడుగు నీటిని ప్రతిదినము వదలి, గొట్టములో నీటిని పట్టు ఫిల్టరు అమర్చవలెను.

కోయు పద్ధతి

ఎర్తు క్లాంపును తుప్పు, రంగు గీకిన చోట, తెగి పడిపోవు ముక్కకు కాక మిగులు ముక్కకు తగిలించవలెను. రేకు అంచు నుండి మొదలుపెట్టి, నిప్పురవ్వలు క్రిందికి, కొంచెము వెనుకకు వాలి పడునట్లు నడుపవలెను. రవ్వలు పైకి చిమ్మినచో తొందరపడితిరని గాని, మందము యంత్రము శక్తిని మించినదని గాని గుర్తు. అడుగున లావుగా చేరి సుళువుగా రాలు చిట్టెము నెమ్మదికి, సన్నగా అంటి రాలని చిట్టెము వేగమునకు గుర్తు. పని ముగిసిన వెంటనే స్విచ్చి తీయరాదు. టార్చి చల్లబడువరకు గాలి పోనీయవలెను.

లోపములు, సవరణలు

ఆర్కు రాకున్నచో: గాలి పీడనము చూడుడు. టార్చి కప్పు వదులుగా ఉన్నను యంత్రము ఆర్కు ఇయ్యదు.

చిన్న ఆర్కు వచ్చి రేకునకు పాకకున్నచో: లోపము తరచు ఎర్తు క్లాంపులోనే ఉండును. ఒక చెరువు గట్టున ఈ చిక్కు వచ్చి మూడు నాజిళ్లు మార్చిన తరువాత నన్ను పిలిచిరి. క్లాంపు క్రింద తుప్పును తీగ బ్రష్షుతో గీకగానే రేకు తెగినది. ఖర్చు పెట్టుటకు ముందు గీకి చూడుడు.

నాజిలు, ఎలక్ట్రోడు త్వరగా అరిగినచో: గాలిలో నీరు గాని, నూనె గాని ఉన్నది. ఆర్కు లేకుండ గాలి మాత్రము వదలి అద్దము అడ్డుపెట్టుడు. అద్దము చెమ్మగిల్లినచో తేమ ఉన్నట్లే. ఎలక్ట్రోడు నడుమనున్న హాఫ్నియము బొట్టు 1.5 మిల్లీమీటర్ల లోతు గుంటపడినచో మార్చవలెను.

కోత ఏటవాలుగా వచ్చినచో: నాజిలు రంధ్రము గుండ్రముగా లేదు; మార్చుడు.

నడుమ ఆగిపోయినచో: వేడెక్కినదో, వోల్టేజి పడినదో చూడుడు. 60 శాతము పని అని వ్రాసి యున్నచో 10 నిమిషములలో 6 నిమిషములే కోయవలెను.

ముఖ్య హెచ్చరికలు

డీజిలు, పురుగుమందు ఉంచిన డబ్బాలను, మూసిన పీపాలను ఎన్నడును కోయరాదు. కడిగిన పీపాలో మిగిలిన ఆవిరియు పేలును. టార్చిలో 200 వోల్టులకు మించి ఉండవచ్చును కాబట్టి తడి నేలపై, తడి చేతులతో పనిచేయరాదు. నాజిలు మార్చుటకు ముందు ప్లగ్గు తీయవలెను. కంటికి 8వ నంబరు నల్లద్దము, చేతికి తోలు తొడుగులు, ఒంటికి నూలు బట్టలు అవసరము. జింకు పూత రేకులను ఆరుబయటనే కోయవలెను. ఆ పొగ పీల్చినవారికి చలిజ్వరము వచ్చును. గడ్డివాము 11 మీటర్ల లోపున ఉండరాదు. ప్రక్కన నీటి బకెట్టు, ఇసుక ఉంచుడు. యంత్రమునకు కరెంటు తీయక మంటపై నీరు చల్లరాదు.

గ్రామోద్యోగులు ఈ హెచ్చరికలను షెడ్డు గోడలపై వ్రాయించిన మేలు. పట్టీ మరల కొనవచ్చును. కన్ను పోయినచో కొనలేము.