ఇంట్లో కుండీ మొక్కలు: అపోహలు – వాస్తవాలు

రోగిని ఇంటికి తీసుకువెళ్ళే ముందు కుటుంబసభ్యులు అడిగే ప్రశ్నల్లో ఇదొకటి: "పడకగదిలో మొక్కలున్నాయి. తీసేయాలా?" మరికొందరు గాలి శుభ్రపడుతుందని కొత్త కుండీలు కొని మంచం పక్కన పెడతారు. మొక్కల విషయంలో మనం భయపడనక్కరలేని వాటికి భయపడుతూ, జాగ్రత్తపడవలసిన వాటిని మరచిపోతుంటాం.

అపోహ: రాత్రిపూట మొక్కలు ప్రాణవాయువును పీల్చేసి రోగికి ఊపిరాడకుండా చేస్తాయి.

వాస్తవం: చీకట్లో మొక్కలు ప్రాణవాయువు తీసుకొని బొగ్గుపులుసు వాయువు వదలుతాయన్నది నిజమే. కాని రెండు మూడు కుండీలు తీసుకునేది, అదే గదిలో నిద్రించే ఒక మనిషి తీసుకునే దానిలో చాలా కొద్ది భాగం. రోగికి తోడుగా మీరు ఆ గదిలో పడుకుంటే గాలి చాలదని ఎవరూ అనరు కదా!

అపోహ: మొక్కలు గదిలోని గాలిని శుభ్రం చేస్తాయి.

వాస్తవం: ఈ మాటకు ఆధారం 1989లో అమెరికాలోని నాసా చేసిన ప్రయోగం. అది గాలి చొరబడని పెట్టెల్లో జరిగింది. మన ఇల్లు అటువంటిది కాదు. ఇలాంటి ప్రయోగాలన్నిటినీ 2019లో తిరిగి పరిశీలించిన శాస్త్రవేత్తలు, మామూలుగా గాలి వచ్చిపోవడం వల్ల కలిగే ప్రయోజనం మొక్కల వల్ల కలగాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు కావాలని లెక్కగట్టారు. కాబట్టి రోజూ కాసేపు కిటికీలు తెరవండి. అదే మేలు.

అపోహ: మొక్కకు రోజూ నీళ్ళు పోయాలి. వాడితే ఇంకా ఎక్కువ పోయాలి.

వాస్తవం: వేళ్ళకూ గాలి కావాలి. మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే వేళ్ళు కుళ్ళిపోతాయి, అప్పుడు కూడా మొక్క వాడిపోతుంది. వేలిని అంగుళం లోతు మట్టిలోకి గుచ్చి చూడండి. పొడిగా తగిలితేనే నీళ్ళు పోయండి.

ఎక్కువ పోసిన నీరు కుండీ కింది పళ్ళెంలో నిలుస్తుంది. డెంగీని వ్యాపింపజేసే దోమ గుడ్లు పెట్టేది ఇటువంటి నీటిలోనే. వారం పది రోజుల్లో అవి దోమలవుతాయి. ఈ దోమ ఎక్కువగా పగటిపూట కుడుతుంది కనుక పగలంతా మంచం మీదే ఉండే రోగికి ప్రమాదం ఎక్కువ. గుడ్లు పళ్ళెం అంచులకు అంటుకొని, నీరు లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి. అందువల్ల నీరు పారబోస్తే చాలదు. వారానికొకసారి పళ్ళేన్ని రుద్ది కడగాలి. మనీప్లాంటు పెట్టిన సీసాకూ ఇదే నియమం.

అపోహ: ఇంట్లో పెంచే మొక్కల్లో విషం ఉండదు.

వాస్తవం: మచ్చల ఆకుల డైఫెన్‌బేకియా, మనీప్లాంటు వంటి వాటి ఆకుల్లో సూదుల్లాంటి సన్నని స్ఫటికాలుంటాయి. పసిపిల్లలు నమిలితే నోరు మండి, నాలుక వాస్తుంది. నోట్లోని ముక్కలు తీసి, నీటితో కడిగి, చల్లని నీరుగాని పాలుగాని కొద్దికొద్దిగా ఇవ్వండి. వాంతి చేయించకండి. మింగలేకపోయినా, ఊపిరి తీసుకోవడం కష్టమైనా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. పెరట్లోని గన్నేరు, పచ్చగన్నేరు మరీ ప్రమాదకరం. వాటి విషం గుండె మీద పనిచేస్తుంది. ఆకుగాని, గింజగాని తిన్నారని తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా బయలుదేరండి. ఆ మొక్క కొమ్మ ఒకటి వెంట తెండి.

వీరి విషయంలో ప్రత్యేక జాగ్రత్త

కీమోథెరపీ తీసుకుంటున్నవారు, అవయవ మార్పిడి జరిగినవారు, వ్యాధినిరోధక శక్తి బాగా తగ్గినవారు ఉన్న గదిలో కుండీలు ఉంచవద్దు. తడి మట్టిలో పెరిగే బూజు మామూలు మనిషికి హాని చేయకపోయినా, వీరి ఊపిరితిత్తుల్లో చేరితే ప్రాణం మీదికి రావచ్చు. మట్టి మార్చడం, ఎండుటాకులు ఏరడం వంటి పనులు వీరికి అప్పగించకండి. ఆ పని చేసినవారు సబ్బుతో చేతులు కడుక్కున్నాకే రోగి దగ్గరకు వెళ్ళాలి.

మిగిలిన రోగులకు కిటికీ దగ్గర పచ్చని మొక్క ఉంటే కంటికి హాయి. దాన్ని తీసేయనక్కరలేదు. మీ రోగి ఏ కోవకు వస్తారో తెలియకపోతే డిశ్చార్జి అయ్యే ముందే మీ డాక్టరుగారిని అడగండి. ఇంటికి వెళ్ళగానే మొదట కుండీ కింది పళ్ళెం చూడండి.