కారు ఇంజెక్టరు వైర్లలోని లోపమును కనుగొనుట

మన పాఠశాల పిల్లల తండ్రులలో టాక్సీలు, వ్యానులు నడిపి కుటుంబమును పోషించువారు పలువురు కలరు. బండి ఒక దినము షెడ్డులో నిలిచినచో ఆ దినపు సంపాదన లేనట్లే. కనుక ఈ యేడు వ్యాకరణమును విడిచి వైర్లను గూర్చి వ్రాయుచున్నందుకు వారు నన్ను ఆక్షేపింపరని తలంచుచున్నాను.

రెండేండ్ల క్రిందట వానకాలమున నా పాత పెట్రోలు కారు వణకుచు నడువసాగెను. ఎదుట ఇంజను గుర్తు గల పసుపు దీపము వెలిగెను. షెడ్డువారు స్కానరు తగిలించి, ‘పి 0203’ అను సంకేతమును చూచి, మూడవ ఇంజెక్టరు చెడినదని చెప్పి క్రొత్తదానిని బిగించిరి. రెండు దినములు బండి చక్కగా నడిచినది. మూడవనాడు మరల అదే వణకు, అదే సంకేతము. ఇక ఇంజను కంప్యూటరునే మార్చవలెననిరి. దాని వెల విని నేను మారు మాటాడక కారును ఇంటికి తెచ్చుకొంటిని.

ఆ సంకేతమునకు అర్థము ‘మూడవ సిలిండరు ఇంజెక్టరు సర్క్యూటులో లోపము’ అని మాత్రమే. సర్క్యూటనగా ఇంజెక్టరొక్కటియే కాదు. ఫ్యూజు, రిలే, వైర్లు, కనెక్టర్లు, కంప్యూటరు అన్నియు అందులోనివే.

ఇంజెక్టరనునది రాగి తీగచుట్ట గల చిన్న కవాటము. కరెంటు ప్రవహించినపుడు ఆ చుట్ట అయస్కాంతమై లోని సూదిని పైకెత్తును. సెకనులో వెయ్యవ వంతులు కొన్ని మాత్రమే పెట్రోలు చిమ్మబడును. దానికి రెండు వైర్లుండును. అనేక కార్లలో తాళము త్రిప్పగనే ఒకదానికి ఫ్యూజు, రిలేల మీదుగా సుమారు 12 వోల్టులు అందును. రెండవది కంప్యూటరునకు పోవును. కంప్యూటరు కరెంటును పంపునని పలువురు తలతురు. అట్లు కాదు, అది ఆ రెండవ వైరును ఎర్తునకు కలిపి, విడుచుచుండును.

ఈ ఒక్క సంగతి గ్రహించినచో తక్కినది సులభము. అన్ని ఇంజెక్టర్లును ఒక్కమారుగా నిలిచిపోయినచో మొదట ఫ్యూజును, రిలేను చూడవలెను. ఒక్క సిలిండరే పనిచేయనిచో దాని స్వంత వైర్లను, కనెక్టరును, ఇంజెక్టరును చూడవలెను. కంప్యూటరు వైపు వైరు ఒరసికొని ఇంజను లోహమునకు తగిలినచో మరింత ప్రమాదము: ఎర్తు ఎల్లప్పుడును దొరకుటచే ఇంజెక్టరు తెరచుకొనియే యుండి పెట్రోలు సిలిండరులోనికి కారుచునే యుండును. అప్పుడు ఇంజనును త్రిప్పరాదు.

పరీక్షకు ఒక మల్టీమీటరు చాలును. తాళము తీసివేసి, కనెక్టరు ఊడదీసి, ఇంజెక్టరు కొనల నడుమ నిరోధమును కొలువవలెను. సాధారణపు పెట్రోలు ఇంజెక్టరునకు ఇది 12 మొదలు 16 ఓములు. మన పిల్లలు పదవ తరగతిలో చదువు ఓము సూత్రము ప్రకారము 12 వోల్టులను 14 ఓములచే భాగించినచో 0.86 ఆంపియరు వచ్చును. తరువాత తాళము త్రిప్పి కనెక్టరులో 12 వోల్టులున్నవో లేవో చూడవలెను.

ఇక్కడనే మోసపోవుదురు. కనెక్టరు సూదికి పచ్చని చిలుము పట్టినను మీటరు 12 వోల్టులనే చూపును. ఏలయన మీటరు లాగు కరెంటు లేశము. ఆ చిలుము 14 ఓముల అడ్డు కలిగించినచో, కనెక్టరు తగిలించి ఇంజెక్టరు పనిచేయుచున్నపుడు దానికి దక్కునది 6 వోల్టులే. కనుక భారమున్నపుడు కొలుచుటయే నిజమైన కొలత. కంప్యూటరు ఎర్తు ఇచ్చుచున్నదో లేదో చూచుటకు ఇందుకై అమ్ము చిన్న ఎల్.ఇ.డి. దీపమును కనెక్టరులో గ్రుచ్చి ఇంజనును త్రిప్పినచో అది మిణుకుమిణుకుమనవలెను. పెద్ద బల్బును తగిలింపరాదు. ఎక్కువ కరెంటు లాగి కంప్యూటరునే చెరుపవచ్చును. డీజిలు కామన్ రైలు బండ్లలోను, సిలిండరులోనికే నేరుగా పెట్రోలు చిమ్ము బండ్లలోను ఇంజెక్టరునకు 50 వోల్టులకు మించి వచ్చుచుండును గనుక వాని జోలికి స్వయముగా పోరాదు.

నా కారును చూచినవాడు ఒక ముసలి ఎలక్ట్రీషియను. ఆయన ఇంజనును నడుపుచునే వైర్ల కట్టను జానెడు జానెడుగా కదల్చుచు పోయెను. బ్రాకెట్టు వంపునొద్ద వ్రేలు తగులగానే ఇంజను మిస్సు కొట్టెను. పైతొడుగు చెక్కుచెదరలేదు, లోపలి రాగి తెగియున్నది. క్రొత్త ఇంజెక్టరు బిగించునపుడు వైరు కదలి తెగిన కొనలు తాత్కాలికముగా తగిలినవి. అందువలననే రెండు దినములు నడిచినది. ఎలుకలు కొరికినపుడు గాయము పైకి కనబడును; ఇట్టిది కనబడదు. ఆయన ఇంజనును ఆపి, చెడిన భాగమును కత్తిరించి, క్రొత్త ముక్కను టంకముతో అతికి, వేడికి ముడుచుకొను గొట్టమును తొడిగి, బ్రాకెట్టుకు తగులకుండ కట్టెను. అరగంట పని.

షెడ్డువారు చెడినదని తీసివేసిన ఇంజెక్టరు నా బల్ల సొరుగులో ఇప్పటికిని ఉన్నది. దాని నిరోధము 14 ఓములు.