కోటవంటి కమతపుటిల్లు

ఇటలీ దేశపు దక్షిణభాగమున, ఆడ్రియాటిక్ సముద్రతీరమునకు చేరువగా ఫసానో అను వ్యవసాయపట్టణము కలదు. దాని చుట్టునుగల ఆలివ్ తోటలలో కోటలను బోలిన పాత కమతపుటిండ్లు కన్పట్టును. వీనిని మాసెరియాలందురు.

సేద్యగానికి కోట యేల కావలసివచ్చెను? 1480లో ఒట్టోమన్ సైన్యము దక్షిణముననున్న ఒట్రాంటో నగరమును కొల్లగొట్టెను. పిమ్మట మూడు శతాబ్దములకు పైగా ఆ తీరవాసులకు ఓడదొంగల భయము తీరలేదు. వారు ధాన్యమునే గాక మనుష్యులను గూడ బానిసలుగా పట్టుకొనిపోయెడివారు.

అందుచే ఈ యిండ్ల గోడలను మిక్కిలి దళసరిగను, క్రిందియంతస్తు గవాక్షములను చిన్నవిగను కట్టిరి. ద్వారమునకు సరిగా పైన, అడుగున రంధ్రములుగల గూడొకటి గోడనుండి ముందుకు పొడుచుకొనియుండును. తలుపు పగులగొట్ట వచ్చినవారిపై అందుండి రాళ్లు పడవేసెడివారు. దొంగలు తిరిగి ఓడలెక్కువరకు ఆ తలుపు నిలిచినచో లోనివారు బ్రతికినట్లే.